కరెంటు బిల్లు ఎవరి ఖాతాలో రాయాలి?

(షోలాపూర్‌లో జరిగిన ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోను చేసి, "మీరు కామర్సు చదివారు, బ్యాంకులో ఇన్నేళ్ళు పని చేశారు, పిల్లలకు పనికొచ్చే మాటలు నాలుగు చెప్పండి" అన్నారు. కష్టపడి చదవండి, పెద్దలను గౌరవించండి అని చెప్పడానికి నేను అక్కరలేదు. అవి మీ ఇళ్ళలో రోజూ చెబుతూనే ఉంటారు. అందువల్ల ఈ రోజు మీ అందరి ఇళ్ళకూ నెలనెలా వచ్చే ఒక కాగితం గురించి మాట్లాడదలచుకున్నాను. అది కరెంటు బిల్లు. దానితో పాటు, మీలో కంప్యూటరు చదువులు చదివే పిల్లలు తరచుగా చెప్పే "డేటా సెంటరు" అనే మాట గురించి కూడా. ఈ రెండింటికీ సంబంధం ఏమిటి అంటారా? ఆ సంబంధం చెప్పడానికే ఇక్కడికి వచ్చాను.

ముందుగా డేటా సెంటరు అంటే ఏమిటో తల్లిదండ్రులకు రెండు ముక్కల్లో చెబుతాను. నేను బ్యాంకులో చేరిన రోజుల్లో ప్రతి శాఖలోనూ లెడ్జరు పుస్తకాలు ఉండేవి. ఖాతాదారుడు వస్తే ఆ పుస్తకం తీసి, పేజీ తిప్పి, చేత్తో రాసేవాళ్ళం. పుస్తకం ఎక్కడుంటే లెక్క అక్కడే ఉండేది. ఇప్పుడు ఆ పుస్తకాలు లేవు. మీరు కూరగాయల బండి దగ్గర ఫోనుతో 20 రూపాయలు చెల్లించినా ఆ లెక్క ఎక్కడో ఒక పెద్ద భవనంలో వరుసలు వరుసలుగా పెట్టిన కంప్యూటర్లలో నమోదవుతుంది. మీ ఫొటోలు, పిల్లల ఆన్‌లైన్ దరఖాస్తులు, సినిమాలు, ఈ మధ్య అందరూ వాడుతున్న కృత్రిమ మేధ, అన్నీ అలాంటి భవనాల్లోంచే నడుస్తాయి. ఆ భవనమే డేటా సెంటరు. మనందరి లెడ్జర్లూ ఒకే చోట పెట్టిన గది అనుకోండి.

ఆ గదికి రాత్రీ పగలూ కరెంటు కావాలి. కంప్యూటర్లు నడవడానికి ఒకసారి, అవి వేడెక్కకుండా చల్లబరచడానికి మరోసారి. ఎంత కావాలి? 100 మెగావాట్ల డేటా సెంటరు పూర్తి లోడుతో నడిస్తే రోజుకు 24 లక్షల యూనిట్లు, నెలకు 7 కోట్ల 20 లక్షల యూనిట్లు. నెలకు 100 యూనిట్లు వాడే ఇల్లు ఒకటి తీసుకుంటే, అలాంటి 7 లక్షల 20 వేల ఇళ్ళ వాడకం ఆ ఒక్క భవనానిది. అంతర్జాతీయ ఇంధన సంస్థ 2025లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 2024లో ప్రపంచంలోని డేటా సెంటర్లన్నీ కలిపి సుమారు 41,500 కోట్ల యూనిట్లు వాడాయి. ప్రపంచం మొత్తం వాడకంలో అది ఒకటిన్నర శాతం. 2030 నాటికి ఇది రెట్టింపును మించి 94,500 కోట్ల యూనిట్లకు చేరవచ్చని వారి అంచనా.

ఒకటిన్నర శాతమే కదా, దాని గురించి ఇంత మాట దేనికి అని అడగవచ్చు. చిక్కు ఎక్కడంటే, ఇవి ప్రపంచమంతటా సమానంగా పరచుకొని లేవు. కొన్ని చోట్ల గుంపుగా వస్తాయి. వచ్చిన చోట మూడు నాలుగేళ్ళలోనే పెరిగిపోతాయి. విద్యుత్ కేంద్రం, పెద్ద లైను కట్టాలంటే అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. ఈ తేడాలోంచే ఖర్చు పుడుతుంది.

ఇక్కడ కామర్సు విద్యార్థులు కొంచెం శ్రద్ధగా వినాలి. మీ కాస్ట్ అకౌంటింగ్ పుస్తకంలో స్థిర వ్యయం, చర వ్యయం అని చదివి ఉంటారు. పరీక్షలో ఐదు మార్కులకు రాసి మరచిపోతారు. తల్లిదండ్రులకు కూడా అర్థమయ్యేలా దాన్నే తిరుపతి యాత్ర బస్సు లెక్కలో చెబుతాను.

50 సీట్ల బస్సు ఒకటి 60,000 రూపాయలకు మాట్లాడుకున్నాం. 30 మంది వస్తే తలకు 2,000. ఇంకో 10 మంది కలిస్తే తలకు 1,500. 50 మందీ నిండితే 1,200. అంటే ఖాళీ సీట్లు ఉన్నంతకాలం కొత్తవాళ్ళు వస్తే పాతవాళ్ళకు లాభమే. ఇప్పుడు బయలుదేరే ముందు హఠాత్తుగా 20 మంది వచ్చి మేమూ వస్తామన్నారు. రెండో బస్సు కావాలి. సీజను కాబట్టి దానికి 90,000 అడిగారు. మొత్తం 1,50,000 రూపాయలను 70 మందికీ సమానంగా పంచితే తలకు 2,143 అవుతుంది. 1,200 కట్టిన పాత 50 మందికి వచ్చిన సౌకర్యం ఏమీ పెరగలేదు, ఖర్చు మాత్రం 943 రూపాయలు పెరిగింది. అలా కాకుండా రెండో బస్సు ఖర్చు ఆ 20 మందే భరిస్తే వారికి తలకు 4,500 పడుతుంది, పాతవారికి 1,200 అలాగే ఉంటుంది. ఇంకొక సంగతి కూడా ఉంది. రెండో బస్సు మాట్లాడిన తరువాత ఆ 20 మంది రాలేదనుకోండి. అప్పుడు 1,50,000 రూపాయలూ పాత 50 మంది నెత్తిన పడి తలకు 3,000 అవుతుంది.

నేను చెప్పదలచుకున్న విషయమంతా ఈ బస్సు లెక్కలోనే ఉంది. ఖాళీ సీట్లు ఉన్నాయా లేవా, రెండో బస్సు ఖర్చు ఎవరిది, వస్తామన్నవారు రాకపోతే ఎవరు కట్టాలి. ఈ మూడు ప్రశ్నలు గుర్తుంచుకోండి.

ఇది నిజంగా జరిగిన చోటు అమెరికా. మన తెలుగువారు చాలా మంది ఉండే వర్జీనియా, న్యూజెర్సీ రాష్ట్రాలు కూడా అందులో ఉన్నాయి. ఉత్తర వర్జీనియాలోని లౌడన్ కౌంటీ, అక్కడి ఆష్‌బర్న్ పట్టణం చుట్టుపక్కల ప్రాంతం ప్రపంచంలోనే అతి పెద్ద డేటా సెంటర్ల గుంపు. 2023లో వర్జీనియా రాష్ట్రం మొత్తం కరెంటు వాడకంలో సుమారు నాలుగో వంతు డేటా సెంటర్లదేనని ఒక ప్రముఖ విద్యుత్ పరిశోధన సంస్థ అంచనా. మొత్తం అమెరికాకు తీసుకుంటే అదే సంవత్సరం వాటి వాటా 4.4 శాతం. 2028 నాటికి అది 6.7 నుండి 12 శాతం దాకా పోవచ్చని అక్కడి లారెన్స్ బర్క్‌లీ జాతీయ ప్రయోగశాల 2024 డిసెంబరులో చెప్పింది.

వర్జీనియా, న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, ఒహాయో వంటి 13 రాష్ట్రాలకూ రాజధాని వాషింగ్టన్‌కూ కలిపి విద్యుత్ గ్రిడ్డును నడిపే సంస్థ పేరు పీజేఎం. దాని కింద ఆరున్నర కోట్ల మందికి పైగా జనం ఉన్నారు. అక్కడ ఒక పద్ధతి ఉంది. వాడిన కరెంటుకు డబ్బు ఇవ్వడమే కాకుండా, "అవసరమైన రోజున మేము సిద్ధంగా ఉంటాం" అని హామీ ఇచ్చే విద్యుత్ కేంద్రాలకు విడిగా ఒక మొత్తం ఇస్తారు. పెళ్ళికి షామియానా ముందే బుక్ చేసి బయానా ఇస్తాం కదా, అలాంటిదే. దాని ధర వేలంలో తేలుతుంది. 2024 జూన్ నుండి 2025 మే వరకు ఉన్న సంవత్సరానికి ఆ ధర మెగావాటుకు రోజుకు సుమారు 29 డాలర్లు. ఆ తరువాతి సంవత్సరానికి 2024 జులైలో వేలం జరిగితే అది సుమారు 270 డాలర్లకు ఎక్కింది. తొమ్మిది రెట్లు! మొత్తం ఖర్చు 220 కోట్ల డాలర్ల నుండి 1,470 కోట్ల డాలర్లకు పెరిగింది. 2025 జులైలో జరిగిన వేలంలో 329 డాలర్లు, 2025 డిసెంబరు వేలంలో 333 డాలర్లు పలికాయి. ఈ రెండుసార్లూ ధర అక్కడ ఆగిందంటే, అంతకంటే పెరగకూడదని ముందుగా ఒక గరిష్ఠ పరిమితి పెట్టినందువల్లనే.

ఇందుకు డేటా సెంటర్లు ఒక్కటే కారణమా? కాదు. పాత బొగ్గు కేంద్రాలు కొన్ని మూతపడ్డాయి. కొత్త కేంద్రాలకు గ్రిడ్డు కనెక్షను రావడానికి ఏళ్ళ తరబడి వరుసలో నిలబడాల్సి వచ్చింది. ఏ కేంద్రం ఎంత నమ్మకంగా పనిచేస్తుందో లెక్కగట్టే పద్ధతి కూడా మారింది. ఇవన్నీ ఉన్నాయి. అయితే ఆ మార్కెట్టును స్వతంత్రంగా పరిశీలించే సంస్థ లెక్కవేసి, ఆ 1,470 కోట్లలో సుమారు 930 కోట్ల డాలర్లు డేటా సెంటర్ల ప్రస్తుత, రాబోయే వాడకం వల్ల వచ్చిన భారమేనని చెప్పింది. అందులో రాబోయే వాడకం కూడా ఉంది చూడండి. ఇంకా రాని ప్రయాణికుల కోసం కూడా బస్సు అద్దె పెరిగిందన్నమాట.

ఆ ఖర్చు చివరికి ఇళ్ళకు చేరింది. న్యూజెర్సీలో 2025 జూన్ 1 నుండి ఇళ్ళ కరెంటు బిల్లులు 17 నుండి 20 శాతం దాకా పెరుగుతాయని అక్కడి ప్రభుత్వ మండలి ముందుగానే ప్రకటించింది. మా అక్క మనుమడు అక్కడే ఉంటాడు. ఆ వేసవిలో ఫోను చేసినప్పుడు, "తాతయ్యా, ఏసీ మేము వాడేది ఎప్పటిలాగే, బిల్లు మాత్రం ఎప్పటిలా లేదు" అన్నాడు. ఆ సంవత్సరం నవంబరులో జరిగిన గవర్నరు ఎన్నికలో కరెంటు బిల్లే పెద్ద విషయమైంది. ధరలు పెరగకుండా ఆపుతానని మాట ఇచ్చిన అభ్యర్థి మికీ షెరిల్ గెలిచారు.

వర్జీనియా శాసనసభ తరఫున ఆడిటు చేసే సంస్థ ఒకటి ఉంది. 2024 డిసెంబరులో వారు ఇచ్చిన నివేదిక నాకు చాలా నచ్చింది, ఎందుకంటే అందులో ఆవేశం లేదు, లెక్క ఉంది. అప్పటికున్న ధరల ప్రకారం డేటా సెంటర్లు తమ వంతు ఖర్చు తామే కడుతున్నాయని, ఇళ్ళవాళ్ళ మీద వేయడం లేదని వారు తేల్చారు. కానీ ముందు ముందు ఇలాగే పెరిగితే కొత్త కేంద్రాలు, లైన్ల ఖర్చు అందరి మీదా పడి, 2040 నాటికి ఒక మామూలు ఇంటికి నెలకు 14 నుండి 37 డాలర్ల దాకా అదనపు భారం కావచ్చని హెచ్చరించారు. మొదటిది ఖాళీ సీట్ల దశ. రెండవది రెండో బస్సు దశ.

మొదటి దశ కూడా నిజమే అని చెప్పడానికి మరొక ఆధారం ఉంది. ఇంతకుముందు చెప్పిన ఆ బర్క్‌లీ ప్రయోగశాల వారే 2025లో మరో పరిశీలన చేసి, అంతకు ముందు ఐదేళ్ళలో కరెంటు వాడకం బాగా పెరిగిన రాష్ట్రాల్లో ధరలు సగటున తక్కువగా పెరిగాయని చూపించారు. ఉన్న లైన్ల స్థిర వ్యయం ఎక్కువ యూనిట్ల మీద పంచుకోవడం వల్ల అలా జరిగింది. కాబట్టి డేటా సెంటరు వచ్చిందంటే బిల్లు పెరిగి తీరుతుందని ఎవరైనా అంటే నమ్మకండి. బిల్లు తగ్గి తీరుతుందని అన్నా నమ్మకండి. లెక్క చూపించమని అడగండి.

ఐర్లాండు చిన్న దేశం. అక్కడ 2015లో మీటరు మీద లెక్కకు వచ్చిన కరెంటులో డేటా సెంటర్ల వాటా 5 శాతం. 2023లో 21 శాతమైంది. ఆ ఏడాది ఆ దేశంలోని పట్టణాల్లో ఉన్న ఇళ్ళన్నీ కలిపి వాడింది 18 శాతం. 2024లో డేటా సెంటర్ల వాటా 22 శాతానికి చేరింది. ఊళ్ళోని ఇళ్ళన్నింటి కంటే ఊరి బయటి భవనాలు ఎక్కువ కరెంటు వాడే పరిస్థితి వస్తే, ధర ఎలా పంచాలన్న ప్రశ్నను ఏ ప్రభుత్వమూ పక్కన పెట్టలేదు.

మరి మందు ఏమిటి? ఇక్కడ నాకు బ్యాంకు అనుభవం గుర్తుకు వస్తుంది. అప్పు కావాలని వచ్చేవారు చాలా మంది ఉంటారు. మార్జిను డబ్బు మీరెంత పెడతారు, హామీ సంతకం ఎవరు చేస్తారు అని అడిగేసరికి సగం మంది మళ్ళీ కనపడరు. ఉన్న సగం మందే నిజమైన ఖాతాదారులు. ఒహాయో రాష్ట్రంలో ఇదే జరిగింది. 2025 జులైలో అక్కడి నియంత్రణ కమిషన్ ఒక నియమం పెట్టింది. కొత్తగా వచ్చే పెద్ద డేటా సెంటర్లు తమకు ఎంత కరెంటు కావాలని చెప్పాయో, వాడినా వాడకపోయినా అందులో కనీసం 85 శాతానికి డబ్బు కట్టాలి, అదీ 12 ఏళ్ళ దాకా. ఆ నియమం వచ్చాక అక్కడి విద్యుత్ కంపెనీ దగ్గర ఉన్న 30,000 మెగావాట్ల దరఖాస్తులు సుమారు 13,000 మెగావాట్లకు తగ్గాయి. మిగిలిన 17,000 మెగావాట్ల కోసం లైన్లు వేసి ఉంటే ఆ ఖర్చు ఎవరి ఖాతాలో పడేదో ఆలోచించండి.

వర్జీనియా కమిషన్ కూడా 2025 నవంబరులో 25 మెగావాట్లు, అంతకు మించి వాడేవారికి వేరే తరగతి పెట్టింది. 2027 జనవరి నుండి వారు 14 ఏళ్ళ ఒప్పందం చేసుకోవాలి. కోరిన లోడులో లైన్ల ఖర్చుకు కనీసం 85 శాతం, ఉత్పత్తి ఖర్చుకు కనీసం 60 శాతం కట్టాలి. 2026 జనవరిలో మైక్రోసాఫ్ట్ సంస్థ తమ డేటా సెంటర్ల కరెంటు ఖర్చు ఇళ్ళవాళ్ళ మీద పడకుండా తామే పూర్తి ధర చెల్లిస్తామని ప్రకటించింది. అడిగేవారు ఉంటేనే ఇలాంటి మాటలు వస్తాయి.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. మన దేశంలో డేటా సెంటర్లకు పెద్ద కేంద్రం ముంబై, ముఖ్యంగా నవీ ముంబై. ఐరోలి, మహాపే, పన్వేల్ ప్రాంతాల్లో అవి వరుసగా వచ్చాయి. హైదరాబాదులో పుట్టిన కంపెనీ కూడా ఒకటి అక్కడ నడుపుతోంది. తరువాతి స్థానం చెన్నైది. ఇక 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖపట్నంలో ఐదేళ్ళలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడితో గిగావాటు స్థాయి కేంద్రం పెడతామని ప్రకటించింది. ఒక గిగావాటు అంటే 1,000 మెగావాట్లు. ఇందాకటి లెక్కకు పదింతలు.

నవీ ముంబై సంగతి మనకెందుకు అంటారా? నవీ ముంబైలో ఎక్కువ భాగానికి కరెంటు ఇచ్చేదీ, మన షోలాపూర్‌కు ఇచ్చేదీ ఒకే మహావితరణ సంస్థ. ఒకే తరగతి వారికి రాష్ట్రమంతటా దాని ధర ఒకటే. అక్కడ కొత్త సబ్‌స్టేషను కట్టినా, ఎక్కువ ధరకు కరెంటు కొన్నా, ఆ ఖర్చు వారు తెచ్చే ఆదాయానికి మించితే, ఇక్కడ మగ్గం నడిపే ఇంటికీ బీడీలు చుట్టే ఇంటికీ అందులో వాటా వస్తుంది. ఆదాయం ఖర్చును మించితే మనకు ఊరట కూడా రావచ్చు.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. ఇప్పటిదాకా మన బిల్లులు పెరగడానికి డేటా సెంటర్లే కారణమని నేను అనడం లేదు. మన దేశం మొత్తం వాడకంలో వాటి వాటా ఇప్పటికి ఒక శాతం లోపే ఉంది. మన బిల్లులకు బొగ్గు ధర, లైన్లలో నష్టాలు, పాత బకాయిలు వంటి కారణాలు వేరే ఉన్నాయి. రెండో బస్సు మాట్లాడకముందే లెక్క తేల్చుకోవాలని మాత్రమే నా మాట.

మన పద్ధతికీ అమెరికా పద్ధతికీ ఒక పెద్ద తేడా ఉంది. మన దగ్గర పరిశ్రమలు, దుకాణాలు కరెంటుకు అయ్యే ఖర్చు కంటే ఎక్కువ ధర కడతాయి. ఆ మిగులుతో తక్కువ వాడే ఇళ్ళకు, రైతు పంపులకు ధర తగ్గుతుంది. దీన్నే క్రాస్ సబ్సిడీ అంటారు. కాబట్టి ఒక డేటా సెంటరు మామూలు పారిశ్రామిక ధరకు మహావితరణ దగ్గరే కరెంటు కొంటే మన ఇళ్ళకు మేలే. కానీ పెద్ద వాడకందారులకు ఇంకో దారి ఉంది. సొంత ఉత్పత్తి కేంద్రం కింద లెక్కకు వస్తే క్రాస్ సబ్సిడీ సర్‌ఛార్జి కట్టనక్కరలేదు. 2005 నాటి నియమాల ప్రకారం ఆ కేంద్రంలో 26 శాతం వాటా ఉండి, అందులో తయారైన కరెంటులో 51 శాతం వాడుకుంటే చాలు. ఇది చట్టం ఇచ్చిన హక్కే, తప్పు కాదు. సొంతంగా సోలారు పెట్టుకోవడం మంచిదే. కానీ సూర్యుడు అస్తమించాక కూడా డేటా సెంటరు నడవాలి. సాయంత్రం మన ఇళ్ళలో దీపాలు, ఫ్యాన్లు, మిక్సీలు కూడా అప్పుడే నడుస్తాయి. కరెంటు ఖరీదుగా ఉండే ఆ వేళలో వారికి అండగా ఉండే గ్రిడ్డు ఖర్చు వారు సరిగ్గా కడుతున్నారా అన్నది చూడవలసిన విషయం.

మూడవది రాయితీలు. పెట్టుబడులు రావాలని చాలా రాష్ట్రాలు డేటా సెంటర్లకు విద్యుత్ సుంకంలో మినహాయింపులు, భూమి ధరలో తగ్గింపులు ఇస్తున్నాయి. బిల్లులో కనపడకపోయినా అదీ ప్రజల డబ్బే, పన్నుల ఖాతాలో పడుతుంది. ఇచ్చేటప్పుడు వచ్చే ఉద్యోగాలెన్ని, పన్నులెంత అని పక్కనే రాసి చూడాలి. లౌడన్ కౌంటీకి డేటా సెంటర్ల నుండి వచ్చే పన్ను చాలా పెద్ద మొత్తం. దానివల్ల అక్కడి బడులూ రోడ్లూ బాగుపడ్డాయి. కట్టేటప్పుడు వేల మందికి పని దొరుకుతుంది. కట్టిన తరువాత లోపల పనిచేసేవారు మాత్రం తక్కువే. జమ, ఖర్చు రెండూ రాసినప్పుడే అది లెక్క అవుతుంది.

తల్లిదండ్రులారా, ఇదంతా మన చేతిలో లేని విషయం అనుకోకండి. ముందు బిల్లు చదవడం నేర్చుకోండి. మన బిల్లులో స్థిర్ ఆకార్, వీజ్ ఆకార్, వహన్ ఆకార్, ఇంధన్ సమాయోజన్ ఆకార్, వీజ్ శుల్క్ అని వరుసగా ఉంటాయి. స్థిర్ ఆకార్ వాడినా వాడకపోయినా కట్టేది. వీజ్ ఆకార్ వాడిన యూనిట్లకు. వహన్ ఆకార్ తీగల మీద కరెంటు తెచ్చినందుకు. ఇంధన్ సమాయోజన్ అంటే కంపెనీ కరెంటు కొన్న ఖర్చు అనుకున్నదాని కంటే మారితే చేసే సర్దుబాటు. 2022 డిసెంబరులో కేంద్రం నియమాలు సవరించిన తరువాత ఇలాంటి సర్దుబాటు నెలనెలా దానంతట అదే బిల్లులోకి రావడానికి దారి ఏర్పడింది. చివరిది ప్రభుత్వ సుంకం. మీ ఇంట్లో యూనిట్లు పెరగకుండా బిల్లు పెరిగితే, ఏ వరుసలో పెరిగిందో చూడండి. మీ అమ్మాయినో అబ్బాయినో ఆరు నెలల బిల్లులు పక్కపక్కన పెట్టి ఒక పట్టిక గీయమనండి.

తరువాతి మెట్టు కమిషన్. 2003 విద్యుత్ చట్టం ప్రకారం ధరలు నిర్ణయించేది రాష్ట్ర విద్యుత్ నియంత్రణ కమిషన్. ఒడిశాలో 1996లోనే దేశంలో మొదటి కమిషన్ ఏర్పడింది. కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్రలకు వాటి వాటి కమిషన్లు ఉన్నాయి. యానాంలో ఉన్న మనవారికి గోవా, కేంద్రపాలిత ప్రాంతాల ఉమ్మడి కమిషన్ ఉంది. కంపెనీ ధర పెంచమని అర్జీ పెడితే దాన్ని పత్రికల్లో ప్రకటించాలి. ప్రజల సూచనలు, అభ్యంతరాలు తీసుకోవాలి. అర్జీ అందిన 120 రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలి. అభ్యంతరం పంపడానికి వకీలు అక్కరలేదు, ఒక కాగితం చాలు. పెద్ద పరిశ్రమల తరఫున ఆ విచారణలకు నిపుణులు వస్తారు. ఇళ్ళవాళ్ళ తరఫున వచ్చేవారు తక్కువ. రాని వాడి వాటా ఎవరు అడుగుతారు?

అక్కడ అడగవలసినవి ఎక్కువేమీ లేవు. కొత్త పెద్ద లోడు కోసం కట్టే సబ్‌స్టేషను ఖర్చు ఎవరిది? ఆ లోడు చెప్పినంత రాకపోతే కనీస చెల్లింపు ఉందా? అది ఎన్నేళ్ళు? సాయంత్రం వేళ వాడకానికి వేరే ధర ఉందా? ఇచ్చిన రాయితీ ప్రభుత్వం బడ్జెట్టు నుండి ఇస్తుందా, లేక మిగతా వాడకందారుల మీద వేస్తారా? ఈ ఐదు ప్రశ్నలకు కాగితం మీద జవాబు ఉంటే చాలు. విశాఖపట్నంలో బంధువులున్నవారు వారికి కూడా ఈ ప్రశ్నలు చెప్పండి. వాటిని అడగడం పెట్టుబడిని వ్యతిరేకించడం కాదు. సంతకం పెట్టే ముందు పత్రం చదవడం.

విద్యార్థినీ విద్యార్థులారా, "కామర్సు చదివితే ఏముంది, అందరూ కంప్యూటరే చదువుతున్నారు" అని నాతో దిగులుగా చెప్పే పిల్లలు ఏటా ఉంటారు. కంప్యూటరు చదివేవారు డేటా సెంటరు కడతారు, నడుపుతారు, చాలా సంతోషం. దాని ఖర్చు ఎవరి ఖాతాలో పడాలో తేల్చేది మాత్రం లెక్కలు చదివినవారే. విద్యుత్ కంపెనీ వేసే వార్షిక ఆదాయ అవసరాల అర్జీ వందల పేజీలు ఉంటుంది. అందులో ఉండేది మీ సిలబసే. తరుగుదల, వడ్డీ, మూలధనం మీద రాబడి, స్థిర వ్యయం, చర వ్యయం. కాస్ట్ అకౌంటెంట్లు అవసరమయ్యే చోట్లలో ఇది ఒకటి. బీకాం రెండో సంవత్సరం పిల్లలు నలుగురు కలిసి ఒక్క అర్జీని నెల రోజులు చదివితే, ఆ నలుగురికీ ఏ పుస్తకమూ నేర్పని పాఠం వస్తుంది. ఆ నలుగురిలో ఒకరు మన మగ్గాల వారి తరఫున కమిషన్ ముందు నిలబడి రెండు నిమిషాలు మాట్లాడగలిగితే, ఈ ట్రస్టు ఇచ్చిన ఉపకార వేతనం వడ్డీతో సహా తిరిగి వచ్చినట్టే.

నెలకు 100 రూపాయలు పెరిగితే ఏడాదికి 1,200. కొన్ని ఇళ్ళలో అది ఒక్కరోజు హోటలు ఖర్చు. ఈ హాలులో కూర్చున్న చాలా ఇళ్ళలో అది ఒక విద్యార్థి పుస్తకాల డబ్బు, లేదా పరీక్ష ఫీజు. ఏ ఇంట్లో దేన్ని తగ్గించి ఆ బిల్లు కడతారో మనకు తెలుసు. అందుకే ఈ లెక్క మనం నేర్చుకోవాలని ఇంతసేపు చెప్పాను.